పడుకునేదెవరమ్మా?

బాలీసునండి నేను. రామచంద్రపురంలో ఒక సందు చివర మేడ మీద హాలుంది, అందులో గోడకి చేరగిలబడి ఉంటాను. నా పక్కన ఇంకో డజను మంది ఉన్నారు గానీ వాళ్ళంతా స్పాంజి సరుకు. బూరుగు దూది పుటక నాదొక్కదానిదే. గొప్పలు పోతున్నాననుకోకండి, ఉన్నమాటే చెప్తున్నాను.

ఈ హాల్లో మనుషులకి పడుకోవడం నేర్పుతారు. నవ్వకండి, నిజం. అమ్మ కడుపులోంచి వస్తూ తెచ్చుకున్న విద్యని ఎక్కడో పారేసుకుని, ఆయాసపడుతూ మేడ మెట్లెక్కి వచ్చి మళ్ళీ నేర్చుకుంటున్నారు. దీన్ని విశ్రాంతి యోగా అంటారట. నేర్పే ఆవిడ విజయభారతి గారు. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యారు. మోకాలి ఆపరేషను తర్వాత ఏదో శిబిరానికెళ్ళి ఈ విద్య నేర్చుకొచ్చారు గానీ గొంతు మాత్రం పాతదే. "ఒళ్ళు వదిలెయ్యండి" అని ఆవిడ ఆజ్ఞాపిస్తే, అప్పటిదాకా వదిలేసిన ఒళ్ళు కూడా ఠక్కున బిగుసుకుంటుంది. క్లాసు అయిపోయిందనడానికి ఈల ఊదుతారు. పాపం, అలవాటు.

నా కథకొస్తాను. నన్ను తయారుచేసినవాడు దూదేకే కాసిం. వానలు వెనకబట్టగానే విల్లు భుజాన వేసుకుని వీధివీధీ తిరిగేవాడు. ఒకరోజు మంగతాయారు అనే ఆవిడ పిలిచి, వాకిట్లో చాప పరిచి, బూరుగు దూది కుప్ప పోసింది. విల్లు టంగుటంగుమంటుంటే నేను మబ్బులా లేచాను. అంత హాయి మళ్ళీ చాలా ఏళ్ళు ఎరగను. సంచీలోకి కూరబోతూ కాసిం అడిగాడు, "పడుకునేదెవరమ్మా?"

అది వాడు ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్నే. పసివాడికైతే ఒక కూరుడు, బాలింతకైతే ఒకటి, ముసలాళ్ళకైతే ఇంకొకటి. మంగతాయారు చెప్పింది, "మా ఆయన. పడుకోలేడులే, ఆనుకుంటాడు. రాయిలా కూరు."

అలా రాయినయ్యాను. ఆవిడ భర్త వీర్రాజు రైసుమిల్లులో గుమస్తా. తవుడు దుమ్ము గుండెల్లోకి పోయి పోయి ఉబ్బసం పట్టుకుంది. ఎండాకాలం బాగానే ఉండేవాడు, జోకులు కూడా వేసేవాడు. ఋతువు తిరిగితే చాలు, అంటే వానలు పోయి చలి దిగే రోజుల్లోనూ, మామిడి పూతకొచ్చే రోజుల్లోనూ, మనిషి పిల్లిలా గుర్రుగుర్రుమనేవాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని, నా మీదకి వంగి, నన్ను పిడికిళ్ళతో పట్టుకుని కూర్చునేవాడు. మంగతాయారు పక్కనే కూర్చుని, వీపుకి నీలగిరి తైలం రాసి, దాని మీదే చెయ్యి వేసి ఉంచేది. ఆ చెయ్యి కింద ఊపిరి సాఫీగా ఆడుతోందని తెలిశాకే, కూర్చున్నచోటే గోడకి తల ఆనించి ఓ కునుకు తీసేది. ఆ కునుకులోనూ చెయ్యి మాత్రం నిద్రపోయేది కాదు. ఆయన పిడికిళ్ళకి నా గుడ్డ చిరిగితే తన ఆకుపచ్చ చీర ముక్కతో మాసిక వేసింది, దారం మాత్రం ఎర్రది. ఏమీ కలవలేదు. నాకు నచ్చింది.

ఏళ్ళు అలా నడిచాయి. ఒక చలికాలం మొదట్లో ఆ ఊపిరి ఆగిపోయింది. మంగతాయారు చెయ్యి వీపు మీదే ఉంది. అంతకన్న చెప్పడం నా వల్ల కాదండి.

పన్నెండోరోజున శయ్యాదానం చేశారు. పోయినవాడు వాడిన మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, నేను, అన్నీ పురోహితుడు సోమయాజులు గారికి. అక్కడ పైన ఆయనకి సుఖంగా ఉండాలని ఇక్కడ ఇస్తారు. ఆయన మంచమ్మీద సుఖంగా పడుకున్నదెప్పుడులెండి. మంగతాయారు నన్ను ఎత్తి ఇచ్చేటప్పుడు మొహం చూడలేదు. దానం చేసిన వస్తువుని మళ్ళీ ఆశించకూడదని పెద్దలు చెప్పారట, గట్టిగా పట్టించుకుంది.

సోమయాజులు గారింట్లో అటక నిండా నాలాంటి వాళ్ళే. ఊళ్ళో పోయినవాళ్ళందరి గొడుగులూ అక్కడే ఉన్నాయి. ఆయన భార్య త్రిపురమ్మ గారు నడుంనొప్పితో ఈ విశ్రాంతి క్లాసులో చేరి, ఎవరి బాలీసు వాళ్ళు తెచ్చుకోవాలంటే నన్ను అటక మీంచి దింపి, నీలం గలేబు తొడిగి తెచ్చారు. వీపు కింద నన్ను నిలువుగా వేసుకుని, పాదాలు కలిపి, మోకాళ్ళు పక్కలకి వదిలేసి పడుకోవాలి. నేను రాయిని కదా, ఆవిడకి నడుం పట్టేసేది. అయినా పాపం ఏమీ అనేవారు కాదు.

ఈలోగా మంగతాయారుకి నిద్ర పోయింది. పోయిందంటే పూర్తిగా పోయింది. "ఇక నీకు హాయే కదా, కంటినిండా నిద్రపో" అని వీధిలో వాళ్ళు ఓదార్పు అనుకునే అన్నారు, వాళ్ళ నోళ్ళు పడిపోను. ఋతువు మారిందంటే ఆవిడ ఒంటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కన ఎవరూ లేకపోయినా లేచి కూర్చుని వినేది. ఏమీ వినపడకపోతే గుండె దడదడలాడేది. చివరికి స్నానాలగది గడప దగ్గర కళ్ళు తిరిగి పడింది. డాక్టరు మాత్రలిస్తే మత్తు వచ్చింది గానీ నిద్ర రాలేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కదన్నాడు. అప్పుడు త్రిపురమ్మ గారే చెయ్యి పట్టుకుని మేడ మెట్లెక్కించారు.

తీసుకొచ్చాక గుర్తొచ్చింది ఆవిడకి, తన చంకలో ఉన్నదెవరో. కుడితిలో పడ్డ ఎలుకైపోయారు. దానం పట్టిన వస్తువు తీసుకొచ్చి నలుగురిలో వాడుతున్నానని తెలిస్తే మంగతాయారు ఎంత బాధపడుతుందోనని, ఆ రోజునుంచి అందరికన్నా ముందొచ్చి నన్ను వాటేసుకుని కూర్చునేవారు. ఇంకెవరైనా అడిగినా ఇచ్చేవారు కాదు. నేను ఇక్కడ, మంగతాయారు అక్కడ, మధ్యలో ఒక చాప. ఆవిడ ఊపిరి నాకు వినపడుతూనే ఉండేది. నాకు నోరెందుకివ్వలేదని కాసింని తిట్టుకున్నాను.

విజయభారతి గారు క్లాసు మొదట్లో అందర్నీ వరుసగా ఒకటే అడుగుతారు, ఇవాళ మీకోసం మీరేం చేసుకున్నారని. పెద్ద పనులక్కర్లేదట. పాదాలకి నువ్వులనూనె రాసుకోవడం, వేడివేడిగా ఇంత చారు పోసుకుని తినడం, కాలం మారేటప్పుడు ఓ గంట ముందు పక్కెక్కడం, అలాంటివి చాలట. ఒకావిడ మనవడికి స్వెట్టరు ఉతికానంటుంది. అది మనవడికోసం అని టీచరుగారు కొట్టిపారేస్తారు. మంగతాయారు వంతు వస్తే "ఏంలేదండి" అనేది రోజూ. పడుకోమంటే పడుకునేది, కళ్ళు మాత్రం ఫ్యాను మీద. ఎవరైనా దగ్గితే చాలు, లేచి వెళ్ళి వాళ్ళ వీపు రాసేది.

కార్తీకం వచ్చింది. వానల చెమ్మ పట్టిందని, బాలీసులన్నీ డాబా మీద ఎండలో వెయ్యమన్నారు టీచరుగారు. ఉండలు కట్టిన నా బూరుగు దూదిని ఏకించాలని కాసింని కూడా పిలిపించారు. గలేబులు తీసే పని మంగతాయారు తలకెత్తుకుంది, పని కనపడితే ఆగదుగా. త్రిపురమ్మ గారు నన్ను పట్టుకుని వదలరు. "ఇదొక్కటీ నేను చూసుకుంటానులే" అన్నారు. "మీ నడుం బాగాలేదండి, ఇలా ఇవ్వండి" అని మంగతాయారు లాగింది. గలేబు ఆవిడ చేతిలోకీ, నేను డాబా మీదకీ వచ్చాం. ఆకుపచ్చ మాసిక, ఎర్ర దారం.

మంగతాయారు చెయ్యి చాపి, మాసిక మీద వెయ్యబోయి, వెనక్కి తీసుకుంది. "దానం ఇచ్చేసింది మళ్ళీ ముట్టుకోకూడదు కదండీ" అంది.

త్రిపురమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "నీ కంట పడకూడదనే ఇన్నాళ్ళూ నేను పట్టుక్కూర్చున్నాను మంగతాయారూ. తప్పే. కానీ నువ్విచ్చిన దానం మాకు ముట్టింది. అక్కడితో దాని లెక్క చెల్లిపోయింది. ఇప్పుడిది మా ఇంటి బాలీసు. మా ఇంటి బాలీసు నేను నీకిస్తే, వద్దనడానికి ఏ శాస్త్రం ఉందో మా ఆయన్ని చెప్పమను చూద్దాం."

పాపం సోమయాజులు గారు అక్కడ లేరు, ఉన్నా ఏమీ అనేవారు కాదు.

కాసిం ఏమీ ఎరగనట్టు నా కుట్లు విప్పుతున్నాడు. వాడు మాసిక చూడలేదనుకోకండి. విప్పగానే నాలోంచి నీలగిరి తైలం వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళ వీర్రాజు ఊపిరంతా నాలోనే ఉండిపోయింది మరి. ఏకితే అది పోతుంది. కాసిం విల్లు పట్టుకుని మంగతాయారు వంక చూశాడు. ఆవిడ వంగి, ఒక పిడికెడు దూది తీసి ముక్కుకి ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ పిడికెడూ తనే కుప్పలో వేసి, "ఏకు" అంది.

మళ్ళీ మబ్బునయ్యాను. ఎండలో తేలాను. కూరే సమయానికి కాసిం, తన అలవాటు కొద్దీ, అడిగాడు.

"పడుకునేదెవరమ్మా?"

మంగతాయారు జవాబు చెప్పడానికి ఎంత ఆలస్యం చేసిందంటే టీచరుగారు ఈల మీద చెయ్యి వేశారు. వెనకటి మాట ఆవిడ నోటిదాకా వచ్చి ఆగిపోయిందని నాకు తెలుసు.

"నేనేనయ్యా," అంది. "మెత్తగా కూరు."

మర్నాడు క్లాసులో ప్రశ్న ఆవిడ దాకా వచ్చింది. పాదాలకి నూనె రాసుకున్నానంది, సిగ్గుపడుతూ. తర్వాత ఆవిడ నా మీద వెనక్కి వాలింది. ఎంత తేలికైపోయిందో మనిషి. కళ్ళు ఫ్యాను మీదే ఉన్నాయి, ఇంకా ఉన్నాయి, రెప్పలు బరువెక్కాయి. ఎవరో దగ్గారు. ఆవిడ లేవలేదు.

క్లాసు సమయం అయిపోయింది. విజయభారతి గారు ఈల నోట్లో పెట్టుకున్నారు, మంగతాయారు గురక విన్నారు, ఈల తీసి జాకెట్లో దోపుకున్నారు. ఒకావిడకి గ్యాసు బండ వచ్చే వేళ, త్రిపురమ్మ గారికి దీపం పెట్టే వేళ. ఒక్కరూ లేవలేదు.

నిద్రలోనే మంగతాయారు కుడిచెయ్యి కదిలింది. అలవాటుగా పక్కకి వెళ్ళి ఒక వీపు కోసం తడుముకుంది. దొరకలేదు. ఇక లేచి కూర్చుంటుందని నా దూదంతా బిగుసుకుంది. ఆ చెయ్యి వెనక్కొచ్చి, గలేబు మీంచే నా మాసికని పట్టుకుని, అక్కడే ఆగింది. ఆయన ఇక ఆయాసపడడు, నువ్వు పడుకో అని చెప్పాలనిపించింది నాకు. నోరు లేదు కదండీ. అందుకని మెత్తగా ఉండి ఊరుకున్నాను.