ఒక్కసారి ఓడిపోనివ్వండి

చాంగ్‌పో స్టేడియం మూడో గేటుకి ఎదురుగా ఉంటుంది క్వాక్ మల్సూన్ కొట్టు. మధ్యాహ్నం కాగానే షట్టరు పైకి లాగి, బండి చక్రమంత ఇనప పెనం పొయ్యి మీదకెక్కించి, ఉల్లికాడలు బారుగా పరిచి, మీద పిండి పోసి, గుప్పెడు రొయ్యలు చల్లి అట్లు వేస్తుంది. పక్కన సొట్టలు పడ్డ సత్తు గిన్నెల్లో చల్లటి బియ్యపు కల్లు. ఆ ఊళ్ళో చినుకు పడిందంటే ఎవరికైనా ఉల్లికాడల అట్టు మీదకే మనసు పోతుంది. నూనెలో పిండి చిటపటలాడే చప్పుడూ, రేకుల మీద వాన చప్పుడూ ఒకటేలా ఉంటాయి మరి.

అన్ని పనులూ ఆవిడే చేసుకుంటుంది గానీ, పచ్చట్లోకి పెద్ద ఉల్లిపాయలు తరగడం మాత్రం టాక్సీ తోలే ఓక్ గీసూ వంతు. ఆవిడ తరిగితే వీధంతా తడుస్తుంది.

మల్సూన్ కంటతడి పెడితే వాన పడుతుంది. పుట్టినప్పట్నించీ అంతే. చిన్నప్పుడు నాట్లకి ఆలస్యమైతే చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఎత్తుకుపోయి, పొలం గట్టు మీద కూచోబెట్టి, నెమ్మదిగా గిల్లి, తర్వాత చేతిలో బెల్లం మిఠాయి పెట్టి పంపేవాళ్ళట. మొగుడు పోయినప్పుడు వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. జనం గొడుగులేసుకుని పలకరింపుకొచ్చి, చెప్పులు చంకలో పెట్టుకుని లోపలికెళ్ళి, ఓ ముద్ద తిని పోయారు. దాని గురించి ఎవరూ ఒక్క మాటనలేదు. అనడానికేముంది? కొందరికి మోకాళ్ళ నొప్పులుంటాయి, ఆవిడకి వాన ఉంది.

ఇక ఆ ఏడు మన తాబేళ్ళ సంగతి. ఊరి బేస్‌బాల్ జట్టు పేరే చాంగ్‌పో తాబేళ్ళు. ఆ పేరు పెట్టినవాడు ఏ ముహూర్తాన పెట్టాడో గానీ, ఆ ఏడు నిజంగానే పాకారు. కొట్టాల్సిన బంతికి బ్యాటు లేవదు, వదలాల్సిన బంతికి లేస్తుంది. వసంతంలోనే అట్టడుక్కి చేరి, అక్కడే కాపురం పెట్టారు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం మూడో విడతకే పదకొండు పరుగులు వెనకబడ్డారు. కుడివైపు మెట్ల మీద ఎప్పట్నించో తన చోటైన చోట కూచున్న మల్సూన్‌కి ఆపుకోలేనంత ఏడుపొచ్చింది. అంతే, కుండపోత. మైదానం మీద టార్పాలిన్లు పరిచారు, అరగంట చూశారు, ఆట ఆపేశారు. బేస్‌బాల్లో రూలు అది. తొమ్మిది విడతల ఆటలో అయిదు పూర్తికాకుండా వానకి ఆగిపోతే ఆ ఆట జరగనట్టే. పరుగులూ, అవుట్లూ, ఓటమీ అన్నీ నీళ్ళపాలు. ఇంకోరోజు మళ్ళీ మొదట్నించీ ఆడాలి. అయిదు దాటిందా, ఆ తర్వాత సముద్రమే పొంగినా ఓడినవాడు ఓడినట్టే.

పదకొండు పరుగుల పరువునష్టం కొట్టుకుపోయిందని జనం ఆ రోజు గెలిచినంత సంబరపడ్డారు. మర్నాడు జట్టు ఆఫీసు నుంచి బాంగ్ మేనేజరు వచ్చి ఆవిడకి ముందు వరసలో మెత్తటి కుర్చీ వేయించాడు. ఆ తర్వాత ఎప్పుడు జట్టు వెనకబడ్డా, నాలుగో విడతకల్లా ఓ కాగితం సంచిలో ఒలిచిన ఉల్లిపాయ పట్టుకుని ఆవిడ పక్కకి చేరేవాడు.

"కానీండి పిన్నీ. ఊరి పరువు."

ఊరి పరువంటే ఎవరు కాదంటారు? ఆవిడ వాసన చూసేది, వాన కురిసేది. గిట్టనివాళ్ళు, అట్లు అమ్ముకోడానికి ఏడుస్తోందన్నారు. అయినా జట్టు అడుగునుంచి లేవలేదు. మనవాళ్ళు సగం ఆటలు అయిదో విడత దాటాకే ఓడేవాళ్ళు. వాటిని వానేం చేస్తుంది? పైగా కొట్టుకుపోయిన ఆటలన్నీ పోగుపడి, మిగతా జట్లన్నీ కాళ్ళు చాపుకున్న అక్టోబరులో కూడా మనవాళ్ళు రోజూ ఆడాల్సొచ్చింది. బంతులు విసిరే పిచర్లు చేతులు పడిపోయి వరసగా ఆసుపత్రి దారి పట్టారు. అప్పుడు తవ్వి తీశారు ప్యో తేగన్‌ని.

ఎనిమిదేళ్ళుగా ఊరవతల బంగాళాదుంప చేల మధ్య రెండో జట్టులో బంతులు విసురుతున్నవాడు తేగన్. ఓ సెలవురోజు కొట్టుకొచ్చి, మాట్లాడకుండా వరసగా అట్లు తిన్నాడు. ఆరడుగుల మనిషి, బల్ల కింద మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూచున్నాడు. గీసూ ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"పిన్నీ, ఆదివారం ఆఖరాట నేనే మొదలుపెడుతున్నాను."

"మంచిదేగా నాయనా. ఇంకోటి వెయ్యనా?"

"మీరు ఏడవొద్దు."

అట్లకాడ గాల్లో ఆగింది.

"నేను పెద్ద జట్టుకి మూడుసార్లు విసిరాను పిన్నీ. మూడుసార్లూ వెనకబడ్డాను, మూడుసార్లూ మీరు కడిగేశారు. లెక్క ప్రకారం నేనింకా ఈ మైదానంలో కాలే పెట్టలేదు. మా నాన్న దీవిలో నెత్తళ్ళ చేపలు పట్టే పడవ మీద పనిచేస్తాడు. మావాడు టీవీలో ఆడాడు అంటే, పక్కవాళ్ళు పొద్దున్నే పేపరు తెచ్చి ఏదీ, పేరు చూపించు అంటున్నారట. ఆయన్ని కోతలరాయుడంటున్నారు."

"మరి ఓడిపోతావు కదరా!"

"ఓడిపోనివ్వండి! ఒక్కసారి ఓడిపోనివ్వండి. ఓడటానిక్కూడా నోచుకోలేదు నేను. సీజనైపోగానే మేడమీది ఆఫీసుకి పిలిచి జట్టులోంచి పంపించేస్తారు, అది నాకు తెలుసు. ఓడినా సరే, విసిరినవాడి పేరు లెక్కలోకెక్కుతుంది. పోయేముందు నా పేరు మీద ఒక్క ఓటమైనా ఉండాలి. అది నాది. దాన్ని కడగొద్దు."

మల్సూన్ పెనం వైపు తిరిగింది. బయట రేకుల మీద నాలుగు చినుకులు టపటపమన్నాయి.

"ఇదిగో, ఇదే వద్దంటున్నది," అన్నాడు తేగన్.

"ఇది నీకోసం కాదులేరా, పొగ," అని ఆవిడ కసిరింది. "ఏడవను. పో. ఏడిస్తే నా పేరు మార్చి పిలువు."

ఆదివారం పగటాట. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వంద దాకా ఆటలు పోగొట్టుకున్న జట్టు ఆఖరాట చూడ్డానికి ఎవరొస్తారనుకున్నారో, కుడివైపు మెట్లు మాత్రం నిండిపోయాయి. చాంగ్‌పో వాళ్ళకి అదో మొండితనం. గెలిచే జట్టుకి ఎవడైనా చప్పట్లు కొడతాడంటారు.

బాంగ్ మేనేజరు ఆ రోజు మొదటి విడతలోనే దిగబడ్డాడు. సంచిలో ఒకటి కాదు, నాలుగు ఉల్లిపాయలు.

"పిన్నీ, ఇవాళ ఓడితే లీగు పుట్టాక ఒక్క ఏడులో ఇన్ని ఆటలు ఓడిన జట్టు లేదంటారు. ఆ పేరు మన నెత్తినే. ఇవాళ కొట్టుకుపోయిందా, మళ్ళీ ఆడటానికి రోజుల్లేవు. అక్కడితో సరి. అర్థమైందా?"

"నాకు అర్థమైంది. ఆ విసిరే అబ్బాయికి చెప్పావా?"

"వాడికేం చెప్పేది? ఇవాళ ఉంటాడు, రేపు పోతాడు."

"అయితే సంచి మూసుకో. కంపు కొడుతోంది."

బాంగ్ గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడు మూడో గేటు ముందు ఎవరి కొట్లుండాలో ఆఫీసే చెబుతుంది పిన్నీ."

"కొట్టు తీయించేస్తావా? తీయించు బాబూ. అప్పుడైనా ఏడుస్తానేమో చూసుకో!"

ఆవిడ పక్కనే కూచున్న గీసూ పకపకా నవ్వాడు. కానీ మైదానంలో నవ్వులాట కాదు. తేగన్ చెయ్యి చలిలో బిగుసుకున్న తలుపులా ఉంది. రెండో విడతలో రెండు పరుగులిచ్చాడు. మూడులో ఇంకొకటి. నాలుగులో అవతలి జట్టు లావుపాటివాడు కొట్టిన బంతి స్కోరుబోర్డుకి తగిలి తిరిగొచ్చింది. మరో రెండు. అయిదు, సున్నా. తేగన్ టోపీ తీసి, అరచేతుల్లో నలిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇక మెట్ల మీద జనమంతా ఒక్కసారిగా మైదానం వదిలేసి ఆవిడ వైపు తిరిగారు. జట్టు కోసం మెట్ల మీద వాయించే డోలు కూడా తాళం మార్చింది.

"ఏడవండి పిన్నీ! ఏడవండి!"

"చూస్తారేం, ఉల్లిపాయివ్వండి ఆవిడకి!"

మల్సూన్ కుర్చీ ఎక్కి నిలబడింది. "నోళ్ళు మూయండి! డబ్బులిచ్చి ఆట చూడ్డానికొచ్చారా, ఆట చెరపడానికొచ్చారా? వాడు ఎనిమిదేళ్ళు చేలల్లో విసిరి ఇక్కడికొచ్చాడు. వాడు ఓడుతుంటే మీకేం నొప్పి? మీ పెళ్ళిళ్ళు కడిగెయ్యమన్నారా ఎప్పుడైనా?"

ఒకడెవడో "మా ఆవిడ అడుగుతుంది పిన్నీ!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. అయితే డోలు ఆగలేదు.

అయిదో విడతకి తేగన్ మళ్ళీ బంతి విసిరే మట్టిదిబ్బ ఎక్కాడు. ఒక్కసారి ఆవిడ వైపు చూశాడు. బతిమాలుతున్న చూపు కాదది, తాకట్టు పెట్టిన వస్తువు భద్రంగా ఉందా అని చూసే చూపు. ఆ చూపుకే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. అంపైరు ముసుగు మీద ఒక్క చుక్క టప్పుమని పడింది. ఆయన తలెత్తి, మచ్చలేని ఆకాశాన్ని చూసి, టార్పాలిన్ కుర్రాళ్ళకి లేచి నిలబడమని సైగ చేశాడు.

"గీసూ!" ఆవిడ అతని మోచెయ్యి పట్టేసింది. "నన్ను తిట్టు!"

"ఏమిటక్కా?"

"కోపమొస్తే నాకు కళ్ళారిపోతాయి. తిట్టరా, తొందరగా!"

గీసూ మంచివాడు. మంచివాడికి తిట్లు వెంటనే అందవు. బుర్ర గోక్కుని, "నువ్వు కాస్త... లావయ్యావు," అన్నాడు.

ఇంకో చుక్క రాలింది.

"అదా తిట్టడం? నా అట్ల గురించి చెప్పు!"

గీసూ ఊపిరి పీల్చుకున్నాడు. "నీ అట్లు రబ్బరు చెప్పులక్కా! పిండిలో నీళ్ళెక్కువ. రొయ్యల కోసం టార్చిలైటు వెయ్యాలి. ఇన్నేళ్ళూ నేను తిన్నది నీ మొహం చూసి. రెండో గేటు దగ్గర ముసలావిడ అట్టు ముందు నీది అట్టే కాదు!"

మల్సూన్ మొహం కాలిన పెనమైంది. "రెండో గేటు ముసలిదా? అది నిలవనూనె పోస్తుందిరా! ఎప్పుడు తిన్నావక్కడ? నా కళ్ళుగప్పి ఎన్నిసార్లు తిన్నావు?"

"వారం వారం తింటా!"

ఆ మాట నిజమే అయ్యుండాలి, అంత గట్టిగా చెప్పాడు. ఆవిడ బాంగ్ మేనేజరు చేతిలో సంచి లాక్కుని, ఒక్కొక్క ఉల్లిపాయా గురిచూసి గీసూ మీదకి విసిరింది. వెనక వరసల వాళ్ళు లెక్కపెట్టారు. ఆవిడ కళ్ళు ఎర్రగా, నిప్పుకణికల్లా, ఎండుకట్టెలా పొడిగా ఉన్నాయి. ఈ గొడవ సాగుతుండగానే మైదానంలో ముగ్గురు అవుటయ్యారు, మనవాళ్ళూ బ్యాట్లు పట్టుకుని వెళ్ళి, ఊపి, వచ్చేశారు. అంపైరు చెయ్యెత్తాడు. అయిదో విడత పూర్తి. ఇక ఆ ఆట ఎవరూ చెరపలేరు.

డోలు ఆగిపోయింది. జనానికి మైదానం వైపు తిరగడం తప్ప వేరే పని లేకపోయింది. అలా తిరిగినవాళ్ళు ఇన్నాళ్ళూ ఎవరూ చూడంది చూశారు. తేగన్ ఆరో విడత.

చెయ్యి వేడెక్కింది అబ్బాయికి. బంతి చేతిలోంచి బయల్దేరి, బ్యాటు దాకా బుద్ధిమంతురాలిలా వచ్చి, ఆఖరి జానెడులో కిందికి జారిపోతోంది. లావుపాటివాడు ఊపి ఊపి తనచుట్టూ తాను తిరిగి కూలబడ్డాడు. ఏడో విడతా అంతే. ఎనిమిదో విడతా అంతే. ఎంత వెనకబడినా అయిదు తర్వాత వీడు ఇలా మారతాడని ఎవరికి తెలుసు? అయిదు దాకా వీణ్ణి ఎవరుండనిచ్చారు గనక! మొదట మెట్ల మీద ఎవరో ముసలాయన అతని పేరు పెట్టి పిలిచాడు. తర్వాత అందరూ పిలిచారు. అక్కడ జనం ఆటగాడికో పాట కడతారు, వాడికంటూ ఒక పాట కూడా లేదు, ఎవరూ కట్టలేదు. అందుకని ఆ పేరునే పాటగా పాడారు.

"ప్యో తేగన్! ప్యో తేగన్!"

ఆ కేకలకి మనవాళ్ళ బ్యాట్లకీ సిగ్గొచ్చింది. ఆరులో ఒక పరుగు, ఏడులో రెండు, తొమ్మిదిలో ఇంకొకటి. అయిదు, నాలుగు. ఆఖరి బంతి ఎత్తుగా లేచింది. స్టేడియం మొత్తం లేచింది. కంచె దగ్గర అవతలివాడు వీపు ఆనించి, చెయ్యి చాపి, పట్టేశాడు.

ఓడిపోయాం.

మైకు గరగరలాడింది. గెలిచినవాళ్ళ పేర్లు చదివారు. తర్వాత, "ఓడిన పిచర్, చాంగ్‌పో తాబేళ్ళు, ప్యో తేగన్."

అప్పుడు లేచిన హోరు ఏ గెలుపుకీ చాంగ్‌పోలో లేవలేదు. టోపీలు ఎగిరాయి, కల్లు గిన్నెలెగిరాయి. లీగు పుట్టాక ఇన్ని ఆటలు ఓడిన జట్టు లేదట, అయితే ఏంటట! అందులో ప్రతి ఒక్కటీ మేమే ఓడాం, ఎవడిదగ్గరా అరువు తెచ్చుకోలేదు అన్నట్టు అరిచారు. గీసూ ఉల్లిపాయ తగిలిన చెవి పట్టుకుని మరీ అరిచాడు.

బాంగ్ మేనేజరు జేబులో ఫోను మోగింది. పైనుంచి.

"అవును సార్... లేదు సార్, ముందెప్పుడూ చూళ్ళేదు... ఎలా చూస్తాం సార్, నాలుగో విడతతో మనమే ఆపించేశాం కదా..." అవతల గొంతు చాలాసేపు మాట్లాడింది. బాంగ్ మొహం ఒకసారి ఎర్రబడి, తెల్లబడి, మామూలైంది. "సరే సార్. రేపు పిలవాల్సినవాళ్ళలో వాణ్ణి పిలవను. నవంబరు శిక్షణకి పంపుతా."

ఫోను పెట్టేసి, ఎటో చూస్తూ, "విన్నారుగా పిన్నీ," అన్నాడు.

ఆవిడ విననట్టే మైదానం వైపు చూస్తోంది. తేగన్ మట్టిదిబ్బ పక్కన మోకాళ్ళ మీద కూచుని, ఫోను చెవికి ఆనించుకుని, పసిపిల్లాడిలా తలూపుతున్నాడు. అవతల దీవిలో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నట్టుంది.

"ఇప్పుడేడవచ్చా గీసూ?" అనడిగింది మల్సూన్.

"ఆటైపోయిందక్కా. నీ ఇష్టం."

పొద్దుట్నించీ పట్టి ఉంచినదంతా వదిలేసింది ఆవిడ. ఎండలోనే మొదలైంది వాన. స్కోరుబోర్డు మీద, ఖాళీ గిన్నెల మీద, అయిదు మీదా నాలుగు మీదా కురిసింది. ఒక్క అంకె చెరగలేదు. ఎవరూ లేవలేదు. తేగన్ మొహం ఆకాశానికెత్తి, నోరు తెరిచి అలా తడుస్తూ నిలబడ్డాడు.

మల్సూన్ మెట్ల ముందు కంచె మీదకి వంగి, ఏడుస్తూనే గొంతు చించుకుంది.

"లోపలికి పోరా వెధవా! జలుబు చేస్తుంది! వచ్చే ఏడు ఆడాలి నువ్వు!"