వెయ్యి కిలోమీటర్ల లోపు

నా ఉద్యోగం పక్క సీట్లో కూర్చోవడం.

కారు కొనడానికి షోరూంకి వచ్చినవాళ్ళు ముందు నడిపి చూస్తామంటారు. వాళ్ళ లైసెన్సు జిరాక్సు తీసుకుని, ఫారం నింపి, తాళం చేతికిచ్చి నేను పక్కన కూర్చుంటాను. మీటరు బయల్దేరేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి రాసుకుంటాను. మధ్యలో నేను అనే మాటలు రెండే. "కుడికి తిప్పండి." "పెట్రోలు బంకు దగ్గర యూ టర్న్ తీసుకోండి."

రోజుకి ఐదారుగురు వస్తారు. అందరూ నాకు జానెడు దూరంలో కూర్చుంటారు కానీ నాతో మాట్లాడరు. వెనక సీట్లో ఉన్న భార్యతో మాట్లాడతారు, ఫోనులో తమ్ముడితో మాట్లాడతారు. ఒకాయన దారి పొడుగునా కారుతోనే మాట్లాడాడు. సాయంత్రం గదికి వెళ్ళి తాళం తీస్తే, పొద్దున్న బోర్లించిన ఒక్క పళ్ళెమూ, ఒక్క గ్లాసూ అలాగే ఉంటాయి. కొన్నిరోజులు నా గొంతు నేనే వినాలని నీళ్ళు కాగుతున్నప్పుడు ఆ రెండు మాటలూ పైకి అనేదాన్ని.

షోరూంలో నా పేరు మూగనోము. పెట్టింది చక్కెర బాబాయి. ఆయన అందరికంటే పాత సేల్స్‌మన్. మాట తియ్యగా ఉంటుందనీ, టీలో నాలుగు చెంచాలు వేసుకుంటాడనీ ఆయనకా పేరు. "నీ నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయామ్మా, తెరిస్తే రాలిపోతాయని భయమా?" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ ఏడాది ఒక కొత్త రకం కారు మా షోరూంకి ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. పైకి మామూలు నాలుగు తలుపుల కారు. పిల్లల్ని బడి దగ్గర దింపి కూరగాయలు తెచ్చుకునే కారులాగే ఉంటుంది. బానెట్ కింద మాత్రం పందెం ఇంజను. ఎనిమిది గేర్లు, వాటంతటవే పడతాయి. స్టార్ట్ చేస్తే రిసెప్షన్ బల్లమీద డబ్బాలో పెన్నులు గలగలమనేవి.

అద్దం మీద కంపెనీ వేసిన ధర కాగితం ఉంది. దాని పక్కన ఇంకో కాగితం అంటించమని మేనేజరు నాకిచ్చాడు. దాని మీద 'లభ్యత సర్దుబాటు' అని ఉంది, కింద ఒక అంకె. కారు ధర మీద అదనంగా ఎనిమిదో వంతు.

"సర్దుబాటంటే మనం సర్దుకోవడం కాదమ్మా, కొనేవాడు సర్దుకోవడం," అన్నాడు చక్కెర బాబాయి. "ఇంకో కారు దొరకదు కాబట్టి మనం ఎంతంటే అంత. కాకపోతే ఒకటే మెలిక. మీటరు వెయ్యి దాటితే పైన వేసుకోవడానికి కంపెనీ ఒప్పుకోదు. అది వాడిన బండి లెక్క. రెండో కాగితం పీకేసి అచ్చు ధరకే ఇవ్వాలి. మీటరు ఎంతుందో వాళ్ళకి అక్కడ కంప్యూటర్లో కనిపిస్తూనే ఉంటుంది. అందుకని అందరినీ బంకు దాకా తిప్పి తీసుకొచ్చెయ్."

బంకు దాకా వెళ్ళిరావడం ఆరు కిలోమీటర్లు.

కార్ల మేస్త్రి ఒకాయన దాన్ని నడపడానికి మొదటిసారి వచ్చింది ఒక బుధవారం, పదకొండింటికి. అరవై దాటిన మనిషి. చేతులు బాగా తోముకుని వచ్చాడు కానీ గోళ్ళ అంచుల్లో నలుపు పోలేదు. నలభై ఏళ్ళు గేరుబాక్సులు బాగుచేశాడట. ఆ కారు రాబోతోందని పేపర్లో పడ్డ వారమే వచ్చి బుకింగ్ పుస్తకంలో పేరు రాయించుకున్నాడు. మొదటి పేరు ఆయనదే. ఏడాదిన్నర ఎదురుచూసి, ఈమధ్యే షెడ్డు అమ్మేశాడు. చేతిలో ఉన్నది అచ్చు ధరకీ రిజిస్ట్రేషన్‌కీ సరిపోతుంది. ఆపైన లేదు.

సీట్లో కూర్చున్నాక ఆయన వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. నావైపు తిరిగి, "నీకు ఏసీ గాలి మొహానికి కొడుతోందా అమ్మాయ్?" అని అడిగాడు.

ఏడాది పైగా ఆ సీట్లో కూర్చుంటున్నాను. ఆ మాట ఎవరూ అడగలేదు.

నడుపుతున్నంతసేపూ ఆయన చూపుడువేలు స్టీరింగు మీద చిన్నగా తడుతూ ఉంది. రెండు, మూడు, నాలుగు. గేరు మారినప్పుడల్లా ఒక దెబ్బ. నాకైతే మారినట్టే తెలియదు.

"ఎలా తెలుస్తుంది మేస్త్రిగారూ?"

"పక్కింటావిడ అత్తగారితో మాట్లాడేటప్పుడొక గొంతు, మొగుడితో మాట్లాడేటప్పుడొక గొంతు ఉంటుందా లేదా? అలాగే." అద్దంలో వెనక బండిని చూసి, "నేను నడపని కారు లేదమ్మాయ్. కానీ ఏదీ వీధి చివర దాటి నడపలేదు. గేరుబాక్సు బిగించాక సరిగ్గా పడుతున్నాయో లేదో చూడాలి కదా. వీధి చివరి దాకా వెళ్ళి, తిప్పి తీసుకొచ్చి ఆసామికి అప్పగించడమే. నలభై ఏళ్ళూ అదే."

"సొంతానికి కొనుక్కోలేదా?"

"కొన్నాను, స్కూటరు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ మందులకీ ఆస్పత్రికీ అదే సరిపోయింది. పెళ్ళి సంగతి ఆవిడే ఎత్తేది, ఆవిడే మర్చిపోయేది. తర్వాత ఎత్తేవాళ్ళు లేరు." బంకు కనిపించగానే నేను చెప్పకముందే ఇండికేటర్ వేశాడు. "నీదే ఊరు?"

చెప్పాను. రోజుకి రెండు బస్సులే వస్తాయనీ, మా బడికి రెండు గదులే అనీ, వాన వస్తే అందరం ఒక గదిలోకి జరిగేవాళ్ళమనీ చెప్పాను. ఆరు కిలోమీటర్లలో అంత మాట్లాడానని దిగాకే తెలిసింది.

ఆ తర్వాత మూడు బుధవారాలు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ లైసెన్సు జిరాక్సు తనే తెచ్చేవాడు, మాకు కాగితం దండగని. మేము బంకు దాకా వెళ్ళేవాళ్ళం, వచ్చేవాళ్ళం. తర్వాత ఆయన మేనేజరు గదిలోకి వెళ్ళేవాడు. గది గోడ అద్దమే, తలుపు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది.

"నేను పేరు రాయించుకున్నప్పుడు ఆ రెండో కాగితం లేదు కదండీ," అన్నాడు నాలుగో బుధవారం.

"అప్పుడు కారే లేదు కదండీ," అన్నాడు మేనేజరు.

"నా షెడ్డు అమ్మబోతే అడివి, మీ కారు కొనబోతే కొరివి అన్నట్టుంది."

మేనేజరు నవ్వాడు. మంచి మనిషే, ఎవరిమీదా గొంతు పెంచడు. "మీరు పెద్దవారు, మీ మాట కాదనలేను. కానీ శనివారం సాయంత్రం ఒక కాంట్రాక్టరుగారు వస్తున్నారు. పైకం ఎంతైనా పర్లేదన్నారు. మొదటి పేరు మీది, కాబట్టి అప్పటిదాకా ఆగుతాను. ఈ ధరకి మీరు సరేనంటే మీకే."

మేస్త్రి బయటికొచ్చి కారు చుట్టూ ఒకసారి నడిచాడు. డోరు హ్యాండిల్ మీద తన వేలిముద్రని చొక్కా చేతితో తుడిచాడు. "వస్తానమ్మాయ్," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫారాలు ఫైల్లో పెడుతూ ఆయనది మొదటి నుంచి చివరిదాకా చదివాను. మా బడిలో పుస్తకాలు తక్కువ. ఉన్నదాన్ని అట్టమీద ప్రెస్సు చిరునామాతో సహా చదివేవాళ్ళం. ఆ అలవాటు పోలేదు. ఫారంలో ఆరో వరసలో రెండు గళ్ళున్నాయి. ఒకటి చిన్న దారి, ఆరు కిలోమీటర్లు. రెండోది పెద్ద దారి, హైవే మీదుగా నలభై రెండు. 'వినియోగదారుడు కోరిన దారికి టిక్కు పెట్టవలెను' అని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. షోరూం తెరిచిన కొత్తలో, గొప్పగా ఉంటుందని మేనేజరే అలా అచ్చు వేయించాడట. కోరమని ఎవరినీ ఎవరూ అడగలేదు. మొదటి గడిలో టిక్కు నేనే పెట్టేసేదాన్ని.

మీటరు ఆరు వందల డెబ్భై రెండు దగ్గరుంది.

గురువారం, శుక్రవారం మేనేజరు కంపెనీ మీటింగుకి వెళ్ళాడు. గురువారం పొద్దున్న ఆ కారు నడపడానికి వచ్చిన మొదటాయనకి ఫారం ఇస్తూ, "చిన్న దారా, పెద్ద దారా అండీ?" అని అడిగాను. "పెద్దదే," అన్నాడు. అలాంటి కారుని చేతికిచ్చి అడిగితే చిన్నది చాలనేవాళ్ళు ఎవరుంటారు? ఆ రోజు ముగ్గురు, శుక్రవారం నలుగురు.

మూడోసారి తిరిగొచ్చేసరికి చక్కెర బాబాయి టీ కలుపుకుంటున్నాడు. గోడ గడియారం చూశాడు.

"ఏమ్మా, బంకు ఎవరైనా ఎత్తుకెళ్ళి అవతల పెట్టారా?"

"పెద్ద దారి కావాలన్నారు బాబాయ్."

చెంచా తిప్పడం ఆపి నన్ను చూశాడు. బుకింగ్ పుస్తకం వైపు చూశాడు. తర్వాత ఇంకో చెంచా చక్కెర వేసుకుని, "మూగనోము పట్టినవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి," అన్నాడు, టీతో చెప్పినట్టు.

శుక్రవారం నాలుగోసారి వస్తుంటే నాకొక సంగతి తట్టింది. పక్కనున్నాయన ఫోనులో ఎవరితోనో స్పీకరు పెట్టి మాట్లాడుతున్నాడు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తున్నాను. మేస్త్రికి కారు దక్కితే ఇక బుధవారాలుండవు. దక్కకపోయినా ఉండవు. కానీ ఈ రెండోది నా చేత్తో నేను చేసేది కాదు. మొదటిది నేనే చేస్తున్నాను. ఆ ఏసీ గాలి మాట, వేలి దెబ్బలు, మా బడి గదుల్లోకి వాన ఎటునుంచి కొట్టేదని ఆయన అడగడం, అన్నీ కిలోమీటరుకి ఒకటి చొప్పున అయిపోతున్నట్టనిపించింది.

అయినా ఐదింటికి తిరిగొచ్చి మీటరు రాశాను. తొమ్మిది వందల అరవై ఆరు.

శనివారం పదింటికి మేస్త్రి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఆ పుస్తకంలో నా పేరు కొట్టేస్తావా అమ్మాయ్? సాయంత్రం మీవాళ్ళు ఇబ్బంది పడకుండా."

"కొట్టేసేముందు ఒకసారి నడపండి," అన్నాను. ఫారం ఆయన ముందు పెట్టాను. "చిన్న దారా, పెద్ద దారా?"

"పెద్దది కూడా ఉందా?"

"ఫారంలో ఉంది."

కళ్ళజోడు పెట్టుకుని చదివి, రెండో గడిలో చాలా జాగ్రత్తగా టిక్కు పెట్టాడు.

పెట్రోలు బంకు దగ్గరికి రాగానే ఆయన చెయ్యి అలవాటుగా ఇండికేటర్ వేసింది. టక్ టక్ మని కొట్టుకుంటోంది. బండి నెమ్మదించింది.

"ఇంకా ఉంది," అన్నాను. "తిన్నగా పోనివ్వండి."

ఆయన ఇండికేటర్ ఆపేశాడు. బంకు వెనక్కి వెళ్ళిపోయింది. గోదాములు, ఇటుక బట్టీ, తర్వాత ఏమీ లేదు, దారే. అనుమతి ఉన్న వేగం రాసిన బోర్డు దాటాక కాలు కొద్దిగా నొక్కాడు. సీటు నా వీపుని వెనకనుంచి నెట్టింది. స్టీరింగు మీద వేలు ఆరో దెబ్బ కొట్టింది. ఏడు. చాలాసేపటికి ఎనిమిది. ఆ తర్వాత వేలు కదల్లేదు.

"ఇన్నాళ్ళూ దీనికి ఐదు దాకే తెలుసమ్మాయ్," అన్నాడు. "పాపం."

తిరిగొస్తుంటే మీటరు తొమ్మిది వందల తొంభై తొమ్మిది చూపించింది. నేను దానివైపే చూస్తున్నాను. ఆయన దారివైపు చూస్తున్నాడు. ఇటుక బట్టీ ముందే ఎక్కడో ఆ మూడు తొమ్మిదులూ పోయి వెయ్యి వచ్చింది. కారులో ఏమీ మారలేదు.

షోరూం మెట్లమీద మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఎంతుంది?" అన్నాడు నాతో.

"వెయ్యీ ఎనిమిది సార్."

తలుపు తీసి తనే వంగి చూశాడు. "పెద్ద దారి అడగమని నీకెవరు చెప్పారు?"

"ఫారంలో ఉంది సార్."

"ఫారం ఎవరైనా చదువుతారా?"

లోపల చక్కెర బాబాయికి పెద్ద దగ్గు వచ్చింది. మేనేజరు మెట్టుమీదే నిలబడి కాంట్రాక్టరుకి ఫోను చేశాడు. అచ్చు ధరకైతే ఇంకా సంతోషంగా తీసుకుంటానన్నాడట ఆయన. అచ్చు ధరకైతే మొదటి పేరు ఇంకొకరిదండీ అని మేనేజరు చెప్పాల్సి వచ్చింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఆ రెండో కాగితం తీసెయ్," అన్నాడంతే. నేను అంటించిందే కాబట్టి ఏ మూలనుంచి లాగితే చిరగకుండా వస్తుందో నాకు తెలుసు.

మేస్త్రికి ఇదంతా అర్థమైందో లేదో తెలియదు. సంతకాలు పెడుతూ ఒకసారి తలెత్తి నన్ను చూశాడు.

సోమవారం కారు తీసుకెళ్ళడానికి వచ్చాడు. అద్దం దించి, "ఎక్కమ్మాయ్, ఒక్క చుట్టు," అన్నాడు. నా బల్ల దగ్గర ఒక జంట వేరే కారు కోసం లైసెన్సు పట్టుకుని నిలబడి ఉంది.

"మనుషులున్నారు మేస్త్రిగారూ."

"సరే. బుధవారం వస్తాలే, ఊరికే. టీ తాగి పోతాను."

"రండి," అన్నాను.

గేటు దగ్గర ఆయన ఎడమవైపు ఇండికేటర్ వేశాడు. మా బంకు కుడివైపు. రిసెప్షన్ బల్లమీద పెన్నులు గలగలమన్నాయి. మెల్లగా ఆగిపోయాయి.

బుధవారం పదకొండింటికి నేను తల ఎత్తి చూశాను. ఆ తర్వాతి బుధవారం కూడా. రానందుకు నాకు కోపం లేదు. వచ్చి కూర్చోవడానికి ఆయనకి ఇక్కడ ఇంక ఏముంది? ఏ దారిలోనో ఎనిమిదో గేరులో ఉండి ఉంటాడు. వేలు కదలకుండా.

నెల తిరక్కుండా కొత్త ఫారాలు వచ్చాయి. కాగితం మందంగా, నున్నగా ఉంది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆరో వరసలో ఒకటే గడి, అందులో టిక్కు ముందే అచ్చు వేసి ఉంది.

ఇవాళ పక్కన కూర్చున్నది కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రవాడు. చెవుల్లో ఏవో పెట్టుకుని పాట వింటూ నడుపుతున్నాడు. నాలుగో గేరు పడింది. ఈమధ్య నాకు తెలుస్తోంది. ఒళ్ళో నా చూపుడువేలు చిన్నగా తట్టింది. ఐదు. అంతలో బంకు వచ్చింది. దాని అవతల తిన్నగా పోయే దారి ఎండలో మెరుస్తోంది.

"ఇక్కడ యూ టర్న్ తీసుకోండి," అన్నాను. అతనికి వినపడలేదు. ఇంకోసారి చెప్పాను.