చెప్పదగిన పొరపాటు

ఆపరేషన్లప్పుడు రోగులకి మత్తిచ్చే మత్తు నర్సు చదువుకి దరఖాస్తు పెట్టడం కొరీన్ హాల్‌స్టెడ్‌కి అది మూడోసారి. మొదటి ఏడు కాలేజీవాళ్లు ఇంటర్వ్యూకే పిలవలేదు. రెండో ఏడు పిలిచి, మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పమన్నారు. అందరి పనీ తన నెత్తిన వేసుకోవడమే తన పొరపాటని కొరీన్ చెప్పింది. వారం తిరక్కుండా రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యంలో సీటు లేదన్నారు, రెండో వాక్యంలో ఆమెకు మంచి భవిష్యత్తు కోరుకున్నారు.

ఈసారీ తప్పితే ఇక నాలుగోసారి లేదు. కెమిస్ట్రీలో తెచ్చుకున్న మార్కులు ఏడేళ్ల వరకే చెల్లుతాయని ఆ కాలేజీ నియమం. కొరీన్ మార్కులకి వచ్చే మే నెలతో ఏడేళ్లు నిండుతాయి. ఐసీయూలో వారానికి మూడు పన్నెండు గంటల డ్యూటీలు చేసుకుంటూ, ఇద్దరు పిల్లల్ని బడి బస్సు ఎక్కిస్తూ, ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ ఆ పరీక్షకి కూర్చునే ఓపిక తనకి లేదని ఆమెకి తెలుసు.

"ఏడేళ్లలో కార్బన్ ఏం మారింది?" అన్నాడు భర్త డ్వేన్. అతను గ్యాసు పైపులైన్ల మీద కంప్రెసర్లు బాగుచేస్తాడు. దానికి జవాబు కాలేజీ వెబ్‌సైట్‌లో లేదు.

అందుకని ఈ ఏడు కొరీన్ ఇంటర్నెట్‌లో కోచింగ్ తీసుకుంది. చెప్పే అమ్మాయి రెండేళ్ల కిందటే మత్తు నర్సు అయింది. ఇంటర్వ్యూలో చెప్పదగిన పొరపాటుకి ఉండవలసిన లక్షణాల మీద ఒక పాఠమంతా పెట్టింది. పొరపాటు చిన్నదై ఉండాలి. ఎవరికీ ఏమీ కాకూడదు. మనమే కనిపెట్టాలి, మనమే వెంటనే పైవాళ్లకి చెప్పాలి, దానివల్ల వార్డంతా బాగుపడాలి. ఇన్ని సుగుణాలున్న పొరపాటు ఎవరూ చేయరు గనక నమూనాగా ఒకటి తనే ఇచ్చింది: ఒక రోగి రక్తం తీసి, సీసాకి పక్క మంచం రోగి లేబుల్ అంటించడం, ల్యాబుకి పంపేలోపు తనే చూసుకోవడం, ఆ తరవాత గోడమీద హెచ్చరిక కాగితం అతికించడం. కొరీన్ దాన్ని అద్దం ముందు పదిసార్లు చెప్పుకుంది. పదోసారికి ఆ గోడ ఏ రంగో కూడా గుర్తొచ్చింది.

సిఫారసు ఉత్తరం ఐసీయూ ఇన్‌ఛార్జి ఒపల్ మెక్‌ఘీ రాసింది. మంచి నర్సుకి మంచి ఉత్తరం రాస్తే ఆ నర్సు వెళ్లిపోతుంది, రాయకపోతే ఉండిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ సంగతి తెలిసీ ఒపల్ రాస్తూనే ఉంది. ఆమె ఉత్తరాలు చేత్తోనే రాస్తుంది, నాలుగు వాక్యాలు దాటదు, పంపేముందు ఆ నర్సు చేతికే ఇచ్చి చదువుకోమంటుంది. కొరీన్ ఉత్తరంలో మూడో వాక్యం ఇది: "ఆరేళ్లలో ఈమె నా దగ్గర ఏదీ దాచలేదు."

అది చదివి కొరీన్ చాలా సంతోషమని చెప్పింది. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు గానీ, అది క్యాంటీన్‌వాళ్ల తప్పనుకుంది.

ఇంటర్వ్యూ నవంబరు మొదటి వారంలో పడింది. కాలేజీ కొండలు దాటి రెండు గంటల దూరం. బయట గదిలో అయిదుగురు కూర్చున్నారు, అయిదుగురివీ ముదురు నీలం కోట్లే. ఒక్కరి కోటూ ఇంతకు ముందు తొడిగినట్టు లేదు, ఒకరి చేతి అంచుకి కొట్టువాళ్ల దారం ఇంకా వేలాడుతోంది. గోడలు పలచన. కొరీన్‌కి ముందు లోపలికి వెళ్లిన బ్రైస్ అనే కుర్రాడి గొంతు బయటికి శుభ్రంగా వినిపిస్తోంది. రక్తం తీశానన్నాడు. పక్క మంచం లేబుల్ అంటించానన్నాడు. ల్యాబుకి పంపేలోపు తనే చూసుకున్నానన్నాడు. కొరీన్ పక్కన కూర్చున్న అమ్మాయి చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచేసింది.

తరవాత కొరీన్‌ని పిలిచారు.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో కోర్సు డైరెక్టరు థియా బ్రాండ్‌వోల్డ్. ఒక చివర రాసుకుంటున్న పడుచు అధ్యాపకుడు. ఇంకో చివర లైల్ పకెట్. ముప్పై నాలుగేళ్లు కొండల్లోని చిన్న చిన్న ఆసుపత్రుల్లో మత్తిచ్చి, ఇప్పుడు మొదటి సెమిస్టరు పిల్లలకి పాఠం చెబుతున్నాడు. ఆయన కాగితాల వంక చూడటం లేదు, కిటికీలోంచి కార్లు నిలిపే చోటుని చూస్తున్నాడు.

"నువ్వు చేసిన పొరపాటు ఒకటి చెప్పమ్మా," అన్నాడు. "లేబుల్ అంటించిందయితే వద్దు. పొద్దుట్నించి మూడయినాయి."

తన దగ్గరున్నది అదొక్కటే అనుకుంది కొరీన్. కాదని ఆమెకి తెలుసు.

నాలుగేళ్ల కిందటి సంగతి. రోగి పేరు హోబర్ట్ క్లైన్, జిల్లా బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. రక్తంలో ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, బీపీ నిలబెట్టే మందు చుక్క ఆగితే పడిపోయే స్థితిలో ఉన్నాడు. మందు సంచి అయిపోవస్తుంటే కొరీన్ కొత్తది తగిలించి, గొట్టాన్ని మందు ఎక్కించే పంపులో పెట్టి, మీట నొక్కింది. గొట్టానికుండే క్లిప్పు తియ్యడం మరిచిపోయింది. పంపు కూసింది. ఐసీయూలో పంపులు రోజుకి రెండొందలసార్లు కూస్తాయి, గొట్టంలో గాలి బుడగ ఉన్నా కూస్తాయి. చూడకుండానే దాని నోరు నొక్కింది. మళ్లీ కూసింది, మళ్లీ నొక్కింది. మూడోసారి తలెత్తి చూసేసరికి పైబీపీ యాభైలో ఉంది. క్లిప్పు తీసింది. నాలుగు నిమిషాలకి బీపీ తిరిగొచ్చింది.

ఇదంతా చెప్పి కొరీన్ ఆగింది. పకెట్ కిటికీ వైపు నుంచి తిరిగాడు.

"క్లిప్పు సంగతి సరే. అది నేనూ రెండుసార్లు చేశాను. డాక్టరొచ్చి అడిగితే ఏం చెప్పావు?"

"పేషెంటుని పక్కకి తిప్పాను, అప్పుడు పడిందన్నాను."

"తిప్పావా?"

"లేదు."

రెండు గంటలకోసారి రోగిని ఈ పక్కకో ఆ పక్కకో తిప్పడం ఐసీయూలో మామూలు పని. తిప్పినప్పుడు బీపీ పడటమూ మామూలే. అందుకే ఆ అబద్ధం ఎవరికీ అబద్ధంలా వినిపించలేదు. ఆ డాక్టరు జాగ్రత్త గల మనిషి. ఇక ఈ రోగిని తిప్పవద్దని అప్పటికప్పుడు ఆదేశం రాశాడు. రెండు రోజులు హోబర్ట్ క్లైన్‌ని ఎవరూ కదపలేదు. మూడో రోజుకి నడుము కింద చర్మం కమిలి పుండు పడింది. ఆ పుండు మానడానికి పదకొండు వారాలు పట్టింది. అదీ చెప్పింది కొరీన్.

"ఆయనకి తెలుసా?" అని డైరెక్టరు అడిగింది.

తెలియదని చెప్పింది కొరీన్. తన ప్రాణం నిలబెట్టారని ఆయన ఏటా డిసెంబరు మొదటి వారంలో ఐసీయూకి పెపరోనీ రోల్స్, అంటే మాంసం ముక్కలు కూరిన గోధుమ బన్నులు, ఒక పెట్టెడు పంపిస్తాడు, భార్య చేత్తో చేసినవి. అవి తనకి గొంతు దిగవు. ఎందుకు తినవని అందరూ అడుగుతుంటే గోధుమ పడదని చెప్పింది. అప్పట్నించీ ప్రతి ఏడూ తన పుట్టినరోజుకి వాళ్లు బియ్యప్పిండితో కేకు చేస్తున్నారు.

పడుచు అధ్యాపకుడు రాయడం ఆపాడు.

"ఇది ఇప్పటిదాకా ఎవరికి చెప్పావు?" అన్నాడు పకెట్.

"మీకే."

"ఇవాళే ఎందుకు?"

"నేను తెచ్చుకున్నది మీరు వద్దన్నారు."

ఆ తరవాత గుండె గురించి రెండు ప్రశ్నలు, మందుల గురించి మూడు అడిగారు. అయిదింటికీ కొరీన్ సరిగ్గానే చెప్పింది. ఒక్కదానికీ ఎవరూ ఏమీ రాసుకోలేదు. లేచి వచ్చేటప్పుడు డైరెక్టరు మాత్రం, మేమేం నిర్ణయించినా మీ పైవాళ్లకి చెప్పడం మీ పనే, మా చేత చెప్పించుకోవద్దు అంది.

ఇంటికొచ్చాక డ్వేన్ ఎలా జరిగిందని అడిగాడు.

"నిజం చెప్పాను."

"అయ్యో," అన్నాడు డ్వేన్.

మర్నాడు పొద్దున డ్యూటీకి అరగంట ముందే కొరీన్ ఒపల్ గదికి వెళ్లింది. ఒపల్ తాగుతున్న కాఫీ కింద పెట్టి మొదట్నించి చివరిదాకా విన్నది. విన్నాక కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, వార్డులో జరిగిన పొరపాట్లు నమోదు చేసే ఫారం తెరిచింది. తేదీ కొట్టింది. ఏడాది దాటిన తేదీలు ఆ ఫారం తీసుకోదు. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారీ తీసుకోలేదు. నాలుగేళ్లు దాచి చెప్పేవాళ్లు ఉంటారని దాన్ని తయారుచేసినవాడికి తట్టలేదు కాబోలంటూ ఒపల్ తెల్లకాగితం తీసి ముందుకి తోసింది. కొరీన్ రెండు పేజీలు రాసింది.

ఆమె రాస్తుంటే ఒపల్ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. అది సిఫారసు ఉత్తరం నకలు.

రోగి చార్టులో తప్పు పడితే దాన్ని చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఒకే ఒక గీత కొట్టాలి, కింద రాసింది కనిపిస్తూనే ఉండాలి, పక్కన పొడి సంతకం, తేదీ పెట్టాలి. ఈ పద్ధతి ఒపల్ ప్రతి కొత్త నర్సుకీ మొదటి రోజే నేర్పుతుంది. కొరీన్‌కీ నేర్పింది. ఇప్పుడు మూడో వాక్యం మీద స్కేలు పెట్టి ఒక గీత కొట్టింది. పైన చిన్న అక్షరాలతో రాసింది: "ఒకటి దాచింది. నాలుగేళ్లు. ఈ పొద్దున చెప్పింది." పక్కన పొడి సంతకం, తేదీ.

"ఇది కాలేజీకి పంపుతారా?" అంది కొరీన్.

"పంపనా మరి? కింద సంతకం నాది అమ్మాయ్."

"సీటు పోతుందేమో."

"పోతే నాకో నర్సు మిగులుతుంది. నాకేం నష్టం?" అని ఒపల్ లేచి స్కానర్ దగ్గరికి వెళ్లింది.

ఆసుపత్రివాళ్లు కొరీన్ ఫైల్లో ఒక కాగితం పెట్టారు. రెండు వారాలపాటు ఆమె మందు సంచి మార్చినప్పుడల్లా పక్కన ఇంకో నర్సు నిలబడి చూడాలన్నారు. చూడటానికి వేసింది ట్రూడీని. సంచి మార్చడం ట్రూడీకి నేర్పింది కొరీనే. రెండు వారాలూ ట్రూడీ చేతులు కట్టుకుని నిలబడింది. క్లిప్పు తీసినప్పుడు తీసినట్టు తల ఊపింది. మూడో రోజున మాత్రం ఉండబట్టలేక ఒకటి అడిగింది.

"అయితే గోధుమ నీకు పడుతుందన్నమాట."

"పడుతుంది."

"నాలుగేళ్లు ఆ బియ్యప్పిండి కేకు నేను పొద్దున్నే లేచి చేశాను. అందరూ బాగుందన్నారు. బాగుండేది కాదు, కొరీన్."

"తెలుసు."

"తెలిసీ రెండో ముక్క అడిగేదానివి."

కొరీన్ పంపు మీట నొక్కింది.

జరిగింది చెబుతూ హోబర్ట్ క్లైన్‌కి ఆసుపత్రి ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్లింది. తనూ ఒకటి రాస్తానని కొరీన్ అడిగితే ఆఫీసువాళ్లు వద్దన్నారు. వద్దని కూడా కాగితం మీదే ఇచ్చారు. డిసెంబరు మొదటి వారం వచ్చింది, వెళ్లింది. పెట్టె రాలేదు. ఆయన దగ్గర్నించి ఫోనూ లేదు, లాయరు నోటీసూ లేదు. నర్సులు భోజనం చేసే గదిలో ఏటా ఆ పెట్టె పెట్టే బల్ల మూల ఖాళీగా ఉంది. ఎవరో దానిమీద టిష్యూ కాగితాల డబ్బా పెట్టారు. ఆ పెట్టె మాట ఎవరూ ఎత్తలేదు. కొరీన్ ఆ వారమంతా కారులోనే కూర్చుని తింది.

అలా కారులో తింటున్నప్పుడే, రెండో వారం మంగళవారం నాడు, కాలేజీ నుంచి ఫోనొచ్చింది. చేతికి అంటిన ఆవాల సాస్ తుడుచుకుని ఎత్తింది. డైరెక్టరు థియా బ్రాండ్‌వోల్డ్.

మీ ఇన్‌ఛార్జి పంపిన ఉత్తరం అందిందని చెప్పింది ఆమె. ఈ కాలేజీకి ఏటా మూడు నాలుగు వందల సిఫారసు ఉత్తరాలొస్తాయి, దిద్దుబాటుతో వచ్చినది మాత్రం ఇదొక్కటేనట. ముగ్గురూ దాన్ని చేతులు మార్చుకుని చదివారట. ఆ తరవాత కొరీన్ విషయంలో ఓటు పెట్టాల్సి వచ్చిందట.

"ఇద్దరు సరే అన్నారు. ఒకరు వద్దన్నారు. సీటు ఇస్తున్నాం."

కొరీన్ చేతిలోని కాగితం నేపుకిన్‌ని ఉండ చుట్టింది. థాంక్స్ చెప్పాలని తెలుసు. ముందు నోటికొచ్చింది వేరేది.

"వద్దన్నది ఎవరో అడగొచ్చా అండీ?"

"అడిగితే చెప్పమనే అన్నాడు. పకెట్."

"ఇప్పుడూ వద్దనే అంటున్నారా?"

"ఇప్పుడూ అంతే. నాలుగేళ్లు నోరు మూసుకున్న మనిషి చేతికి నిద్రపోతున్న మనిషిని అప్పగించనన్నాడు. ఆ మాట మీటింగు మినిట్సులో రాయించాడు కూడా. కానీ మిమ్మల్ని మొదటి సెమిస్టరు తన బృందంలోనే వెయ్యమన్నాడు."

"వద్దన్నవారు ఎందుకు?"

"నేనూ అదే అడిగాను. వేరేవాళ్ల దగ్గరుంటే తనకి నిద్ర పట్టదట."

ఆపరేషన్ గదిలో కోర్సు పిల్లలు పొద్దున ఆరున్నరకి ఉండాలని, పకెట్ మాత్రం ఆరుంబావుకే వచ్చి తలుపు దగ్గర నిలబడతాడని, సీటు కావాలో వద్దో రెండు వారాల్లోగా చెబితే చాలని ఆమె చెప్పుకుపోయింది. రెండు వారాలు అక్కర్లేదని, కావాలని చెప్పింది కొరీన్.

"ఆయనకి ఏమైనా చెప్పమంటారా?"

కొరీన్ ఆలోచించింది. "ఆరింటికే వస్తానని చెప్పండి."

"అది చెప్పను," అంది డైరెక్టరు. "అయిదున్నరకి వచ్చి కూర్చుంటాడు."