తాంబూలం తేనివాళ్లు

మునిరత్నమ్మ కల్వంలో పొడి నూరుతుంటే, వసారాలో భర్త ఎవరితోనో అంటున్న మాట వినబడింది. "నా పొడి తప్పేదే లేదబ్బా. తొమ్మిదోనాడు తాంబూలంతో వస్తారు సూడు."

తిరుచానూరులో ఆమె భర్త గోవిందస్వామి వైద్యానికి ఎవరినీ ఏమీ అడగడు. నయమైన బిడ్డను ఎత్తుకొని తల్లులే తాంబూలం తెచ్చి దండం పెట్టేవారు. ఆ ఆకులూ వక్కలూ చూసి ఆయన తన మందును నమ్మాడు, ఊరూ నమ్మింది. నూరేదీ, జల్లించేదీ, పొట్లాలు కట్టేదీ ఈమె. పేరు ఆయనది. పోనీలెండి, పేరు కోసం ఏడ్చే మనిషి కాదావిడ.

మరి రానివాళ్లో? యుద్ధం జరుగుతున్న ఆ ఏటి వేసవిలో పసిబిడ్డలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ ప్రశ్న ఆమెను అన్నం తిననివ్వలేదు. అడిగితే, బాగైనాక మరిచిపోయుంటారులే అన్నాడాయన. పథ్యమూ ఆయనదే: విరేచనాలు కట్టేదాకా బిడ్డకు చుక్క నీళ్లు ఇవ్వకూడదు.

పెరటి పూలు కొనే నెపంతో ఆమె గడప గడపా తిరిగింది. రాని ఇళ్లు తొమ్మిది. మూడిళ్లవాళ్లు నిజంగానే మరిచిపోయారు; ఆరింట్లో బిడ్డ పోయి, ఉయ్యాల విప్పేసి ఉంది. వైద్యుడు చెప్పినట్టే నీళ్లు మాన్పించామని వాళ్లలో ఐదుగురు తల్లులు ఏడ్చారు. తాంబూలం తెచ్చిన ఇళ్లకూ వెళ్లింది. అక్కడి తల్లులు తలలు దించుకొని, బిడ్డ ఏడుపు చూడలేక దొంగతనంగా ఉప్పేసిన గంజి పట్టామన్నారు. అందరూ కాదు. గంజి లేకుండా బతికిన బిడ్డలు ఇద్దరు, గంజి తాగీ పోయిన బిడ్డ ఒకటి. అయినా ఏ వైపు ఎక్కువమంది ఉన్నారో తెలియడానికి ఆమెకు పెద్ద చదువు అక్కరలేకపోయింది.

ఆ మధ్యాహ్నం పూలమ్మే నాగులమ్మ, వడలిపోయిన మనవరాలిని తెచ్చి అరుగు మీద పడుకోబెట్టింది. గోవిందస్వామి పొడి ఇచ్చి నీళ్లు మాన్పించమన్నాడు. మునిరత్నమ్మ లోపలికెళ్లి, ఉప్పేసిన గంజి తెచ్చి బిడ్డ పక్కన కూర్చుంది. ఆయన రోగి దగ్గర ఆమె కూర్చోవడం ఇరవై ఏళ్లలో అదే మొదలు.

"ఏందది? నా మందు మింద నమ్మకం పోయిందా నీకు?" అన్నాడాయన.

ఆమెకు భయమే, ఎందుకు దాచాలి. అయినా ఉగ్గుగిన్నె వంచింది.

"మన బిడ్డ పంకజాక్షి కూడా మీ మందే తాగింది. నీళ్లు నీళ్లని అడగతా అడగతానే పోయింది. మీ మాట విని నేనియ్యలేదు. ఈ బిడ్డకిస్తాండాను."

ఆయన దగ్గరికొచ్చి, బిడ్డ తలను అరచేతిలోకి తీసుకొని, గంజి దిగేలా కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.