మగ్గం రాయి

దశరథ లుంగీ బిగించి, నడుము దగ్గరి ముడిని అరచేత్తో కప్పుకొని బరువు చూసే మిషనెక్కాడు. ముడిలో మగ్గం రాయి ఉంది. పడుగు బిగువుగా నిలవడానికి వేలాడదీసే నున్నటి రాయి, ఎన్నో ఏళ్లుగా ఆయన మగ్గానిదే.

"బరువు బాగనే ఉంది. తింటున్నట్టున్నవ్ కాకా," అంది నర్సు హరిత.

"తింటున్న బిడ్డా."

శుద్ధ అబద్ధం. కిడ్నీలు చెడి డయాలసిస్ మొదలయ్యాక ఆయనకు అన్నం మీదా, మగ్గం మీదా, మనుషుల మీదా మనసు లేకుండా పోయింది. భార్య లీలమ్మ పెట్టిన అన్నం ఆమె పనికి పోగానే కోళ్లకు వేస్తాడు. కోళ్లు మాత్రం దివ్యంగా బలిశాయి. ఈసారి బరువు తగ్గితే లీలమ్మకు ఫోన్ చేస్తానని హరిత బెదిరించింది. అందుకే ఈ రాయి.

పక్క మంచం జానమ్మది. కేతేపల్లిలో కూలి పనులు చేసిన మనిషి. చేతికి రెండు సూదులు గుచ్చి ఉన్నా ఊళ్లో పెళ్లిళ్ల ముచ్చట్లు ఆపదు. రేపు కొల్లాపూర్‌లోని కూతురి దగ్గరికి పోతోంది, ఇకపై డయాలసిస్ అక్కడే. ఆ మాట విన్నప్పటి నుంచి దశరథకు దిగులు మరీ ఎక్కువైంది. ఆమె పోతే ఇక్కడ మిషన్ల చప్పుడే మిగులుతుంది.

సగం డయాలసిస్ అయ్యేసరికి ఆయన పిక్కలు పట్టేశాయి. రాయి బరువును కూడా ఒంట్లో చేరిన నీరే అనుకున్నారు కదా, మిషన్ ఎక్కువ నీరు లాగేస్తోంది. దశరథ "అవ్వా" అంటూ కాళ్లు జాడించాడు. ముడి ఊడి రాయి ధన్‌మని నేల మీద పడింది.

హరిత పరుగున వచ్చి నీరు లాగడం ఆపి సెలైన్ ఎక్కించింది. పిక్కలు సడలాయి. అప్పుడు జానమ్మ మంచం మీంచి కిందికి తొంగిచూసింది.

"గిదేంది దశరథన్నా, గుడ్డు పెట్టినవా?"

వార్డంతా గొల్లుమంది. కోప్పడబోయిన హరిత కూడా నవ్వేసింది. సిగ్గుతో దశరథ చెవులు కాలాయి, ఆ వెంటనే పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు. కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వి, నిజం చెప్పేశాడు.

"తినబుద్ధి అయితలేదక్కా. తిని ఏం జేయాలె అనిపిస్తది."

"నాకు గట్లనే ఉండె. పత్యమని ఉత్త మెతుకులే తిన్న, లేవలేకపోయిన. గుడ్లు తినాలెనని డాక్టరు మొత్తుకున్నంక తెలివొచ్చింది. ఆకలి కోసం చూడకు, మందు లెక్క తిను."

"మనసు బాగలేకపోవుడు గూడ జబ్బే కాకా. ఇయ్యాల డాక్టర్‌కు చెబుదాం," అంది హరిత.

సూదులు తీశాక జానమ్మ స్టీలు డబ్బా తెరిచి, ఉడికిన గుడ్డు వలిచి, పచ్చసొన తీసేసి తెల్లసొన ఆయన చేతిలో పెట్టింది. చప్పగా ఉంది. అయినా మొత్తం తిన్నాడు. ఇంకోటి అడగాలనిపించింది కానీ మొహమాటపడ్డాడు.

జానమ్మ నేల మీది రాయి తీసి తన సంచిలో వేసుకుంది.

"మగ్గానికి కావాలె అక్కా."

"కొల్లాపూర్ వచ్చి తీస్కపో. జర కండ పెంచుకోని రా."

దశరథ కిటికీలోంచి చూస్తుండగానే ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగాడు. ఖాళీ మంచం మీద ఆమె స్టీలు డబ్బా ఉంది, అందులో ఇంకా వలవని గుడ్డు ఒకటి.