మేడ మీది రేకుల గది

"చెమట ఆగిపోయింది తల్లీ. ఇప్పుడు హాయిగా ఉంది," అన్నాడు టైలర్.

ఫోనుకు ఇవతల నర్సు చేతిలోని పెన్ను ఆగిపోయింది.

వైరస్ సోకి విడిగా ఉంటున్నవాళ్ళకు రోజూ ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడం ఆమె పని. ప్రశ్న మీద ప్రశ్న వేసి నిజం రాబడుతుందని ఆఫీసులో అందరూ ఆమెను లాయరమ్మ అంటారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఫ్యాను కింద కూర్చున్న ఆమెకే చొక్కా వీపుకు అంటుకుపోయింది. మేడ మీద రేకుల కప్పు కింద ఉన్న మనిషికి చెమట పట్టకపోవడం ఏమిటి?

"ఆక్సిజన్ ఎంతుంది బాబాయ్?"

"తొంభై ఏడు. దగ్గు కూడా తగ్గింది. ఒళ్ళు కాలుతోందని జ్వరం మాత్ర వేసుకున్నా."

"కిటికీలు తీసే ఉంచారా?"

"మూసేశా. గాలికి వైరస్ కిందికొస్తుందని మా బిల్డింగ్ వాళ్ళు తియ్యొద్దన్నారు." అంతలో నాలుక తడబడుతున్నట్టు మాట ముద్దగా వచ్చింది. "మీ నాన్నని కూర్చోమను తల్లీ. చొక్కాకి కాజాలు కుట్టి ఇచ్చేస్తా. పాపం, గుమ్మంలోనే నిలబడ్డాడు."

నర్సు తండ్రి పోయి చాలా కాలమైంది. టైలర్ ఆయన్ని ఏనాడూ చూడలేదు.

అవతల ఫోను కిందపడిన చప్పుడైంది.

అంబులెన్సు వాళ్ళు గంట పడుతుందన్నారు. బళ్ళన్నీ ఊపిరాడనివాళ్ళ కోసం తిరుగుతున్నాయి. నర్సు లేచి డాక్టర్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, టైలర్ బాబాయిది వైరస్ జ్వరం కాదు, వడదెబ్బ. మతి తప్పి మాట్లాడుతున్నాడు. గంట ఆగితే దక్కడు. నేను వెళ్తున్నా."

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"చెబుతున్నా సార్."

"అయితే వెళ్ళు. ఆ ప్లాస్టిక్ సూటు మాత్రం వేసుకోకు, ఈ ఎండకి నువ్వూ పడిపోతావు. మంచి మాస్కు, గ్లవ్స్, ముఖానికి షీల్డు చాలు. మనిషిని ఆరుబయటికి తెచ్చి తడుపు."

రెండు వీధుల అవతలే ఆ బిల్డింగు. స్కూటర్ హ్యాండిల్ పట్టుకుంటే చేతులు చుర్రుమన్నాయి. తారు మెత్తబడి చక్రాలకు అంటుకుంటోంది. కరెంటు పోయినట్టుంది, వీధిలో ఒక్క కూలర్ చప్పుడు కూడా లేదు.

మెట్లన్నీ ఎక్కేసరికి మేడ మీదికి వెళ్ళే ఇనపగేటుకు తాళం ఎదురైంది. గేటు ముందు బిల్డింగ్ కమిటీ ప్రెసిడెంట్ బనీనుతో నిలబడి ఉన్నాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది.

"తాళం తీయండి," అంది నర్సు.

"కుదరదు మేడమ్. పాజిటివ్ కేసు. మా ఇంట్లో చంటిపిల్ల ఉంది. కమిటీ అంతా కలిసి తీర్మానం చేశాం."

"మనిషిని లోపల పెట్టి తాళం వెయ్యమని మీకు ఎవరు చెప్పారు?"

ప్రెసిడెంట్ గేటు కింది సందు చూపించాడు. "పూటపూటా భోజనం గేటు కింద నుంచి తోస్తూనే ఉన్నాం. మేమేం రాక్షసులం కాదు."

"పొద్దున తోసిన పళ్ళెం అక్కడే ఉంది. చూశారా?"

అతను చూశాడు. పళ్ళెం నిండా చీమలు.

"నేను ఇక్కడి నుంచి కదలను," అంది నర్సు. "ఆయనకేమైనా అయితే ఈ తాళం వల్లే పోయాడని నా చేత్తో రాసి సంతకం పెడతాను. తాళం చెవి ఎవరి దగ్గరుందో కూడా రాస్తాను."

కింది అంతస్తులో తలుపు తెరుచుకుంది. "తాళం చెవి టీవీ వెనకాల ఉందమ్మా," అంది ప్రెసిడెంట్ భార్య. "జేబులు తడుముకున్నట్టు నటిస్తారు, నమ్మకు."

"నువ్వు లోపలికెళ్ళవే."

"వెళ్తా. తెచ్చిచ్చాక."

గేటు తెరుచుకుంది. నర్సు గది తలుపు తోసేసరికి బట్టీ తలుపు తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. కుట్టుమిషను పక్కన టైలర్ దుప్పటి కప్పుకుని పడి ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చర్మం ఎండుటాకులా ఉంది. పిలిస్తే గొణిగాడు. కిటికీలు బార్లా తీసి, దుప్పటితో సహా మనిషిని ఈడ్చుకుంటూ నీళ్ళ ట్యాంకు నీడలోకి తెచ్చింది. కుళాయి తిప్పి చెయ్యి పెట్టి, వెంటనే లాక్కుంది. ట్యాంకులోని నీళ్ళు సలసల కాగుతున్నాయి.

"మోటారు వెయ్యండి. కింద నేలలోని సంపులో ఉన్న చల్లటి నీళ్ళు కావాలి," అని కిందికి అరిచింది.

"కరెంటు లేదుగా," అన్నాడు ప్రెసిడెంట్ మెట్ల మీది నుంచి.

"చేతులున్నాయిగా. బకెట్లతో అందించండి. ఒక్కో మలుపు దగ్గర ఒక్కరే ఉండాలి. బకెట్టు పెట్టి వెనక్కి జరిగితే పైవాళ్ళు తీసుకుంటారు. ఎవరూ ఎవరికీ దగ్గరగా రానక్కర్లేదు. అందరూ మాస్కులు ముక్కు పైకి లాక్కోండి. ముందు మీరు."

ప్రెసిడెంట్ మాస్కు పైకి లాక్కుని, కమిటీ మీటింగుల్లో వాడే గొంతుతో కింది అంతస్తులను పిలిచాడు.

మొదటి బకెట్టు సగం ఒలికిపోయి వచ్చింది. రెండోది నిండుగా వచ్చింది. నర్సు దుప్పటి తడిపి టైలర్ మీద పరిచింది. మెడ, చంకలు, గజ్జలు తడిపింది. తడిపిన బట్ట అప్పుడే వేడెక్కిపోతోంది. మళ్ళీ తడిపింది. ఎవరో ఫ్రిజ్‌లోని మంచుగడ్డలు గిన్నెతో పంపారు. తడి చాలదు, గాలి ఆడాలి. నర్సుకు రెండు చేతులే ఉన్నాయి.

"విసరడానికి ఎవరైనా రండి."

మెట్ల మీద అందరూ గేటు వైపే చూస్తున్నారు. చివరికి ప్రెసిడెంట్ ఒక అట్టముక్క పట్టుకుని గేటు దాటాడు.

"ఎంత దూరంలో నిలబడాలి?" అన్నాడు.

"గాలి ఆ పిట్టగోడ వైపు నుంచి వస్తోంది. మీరు దాని దగ్గరే ఉండండి. మీ వైపు నుంచి ఆయన వైపు పోతుంది, మీ మీదికి రాదు. చెయ్యి మాత్రం ఆపకండి."

అతను ఆపలేదు. బనీను తడిసి ముద్దయింది. బకెట్లు వస్తూనే ఉన్నాయి. ఎన్ని వచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు. నర్సు చేతుల్లో సత్తువ అయిపోయే వేళకు టైలర్ కళ్ళు తెరిచాడు.

"బాబాయ్, ఆ విసిరేది ఎవరో చెప్పండి."

టైలర్ చూపు పిట్టగోడ దగ్గర కాసేపు తచ్చాడింది. "ప్రెసిడెంటు గారు. నడుం మళ్ళీ పెరిగింది. ఆ ప్యాంటు ఇంక వదులు చెయ్యడం నా వల్ల కాదు."

మెట్ల మీద ఎవరో పకపకా నవ్వారు. నర్సుకు ప్రాణం లేచొచ్చింది. మనిషి తెలివిలోకి వచ్చాడు.

అంబులెన్సు వచ్చి టైలర్‌ను తీసుకెళ్ళాక నర్సు సబ్బుతో చేతులు కడుక్కుంటూ అంది, "ఆసుపత్రి నుంచి ఆయన మళ్ళీ ఈ గదికి రాకూడదు."

"కింద కమిటీ ఆఫీసు గది ఖాళీయే. రెండు కిటికీలున్నాయి," అన్నాడు ప్రెసిడెంట్. "కిటికీలు తీసే ఉంచుతాం."

నర్సు వినడం లేదు. పిట్టగోడ మీదికి వంగి చూస్తోంది. ఎదుటి మేడ మీద రేకుల గది. దాని వెనక మేడ మీద ఇంకొకటి. ఎండలో కళ్ళు చెదిరేలా మెరుస్తున్న కప్పులు, అన్ని కిటికీలూ మూసే ఉన్నాయి.

"ఆ గదుల్లో మనుషులున్నారా?"

ప్రెసిడెంట్ ఆమె పక్కకు, రెండు చేతుల దూరంలో వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి ఎదుటి మేడ ప్రెసిడెంటును కేకేశాడు.

"ఏమయ్యా, మీ తాళం చెవి ఎక్కడ పెట్టావ్? త్వరగా బయటికి రా."

నర్సు అప్పటికే ఖాళీ బకెట్టు తీసుకుని మెట్లు దిగుతోంది.