కొలువు మూలన నీలగిరి

అమృతవల్లమ్మ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టినప్పుడు పక్కన కొండ కట్టే పని ఎప్పుడూ పెద్దకోడలు విశాలాక్షిదే. వైతికుప్పం సముద్రపు ఒడ్డు నుంచి ఇసుక తెప్పించి, ఇటుకల మీద గోతాలు కప్పి, బంకమట్టి మెత్తి, రాగులు చల్లి పచ్చగా మొలిపించేది. ఆమె కట్టే తిరుమల కొండను చూడటానికే బజారు వీధుల శెట్లమ్మలంతా పేరంటానికి వచ్చేవారు. ఇత్తడి అంగడి నడిపే ఆ అత్తింట్లో ఎంత చాకిరీ చేసినా రాని పేరు ఆ మట్టిముద్ద వల్ల వచ్చింది.

డెబ్బై తొమ్మిదిలో చిన్నకోడలుగా గిరిజ వచ్చింది. కూనూరు పిల్ల.

"ఈతూరి కొండ గిరిజ కడుతుందంట విశాలా. నీలగిరి చేస్తానంటా ఉంది. కొండలో పుట్టిన బిడ్డ గదా," అంది అత్తగారు కాఫీ చల్లార్చుకుంటూ. "నువ్వు మెట్ల మీద బొమ్మలు సర్దుకో."

"అట్నే అత్తా," అంది విశాలాక్షి.

నీలగిరి జిల్లా! కాలేజీలో ఆ జిల్లా మీద వ్యాసం రాసి మెప్పు పొందింది తాను. ఊటీ, కూనూరు, కోటగిరి, గూడలూరు ఎక్కడెక్కడున్నాయో కళ్ళు మూసుకుని గీయగలదు. పెళ్ళయిన కొత్తలో భర్త వరదరాజులు ఊటీ తీసుకుపోతానన్నాడు కూడా. అంగడి వదల్లేక మద్రాసుతో సరిపెట్టాడు. ఈ పిల్ల ఏ వ్యాసమూ రాయకుండానే, అక్కడ పుట్టి, ఊరికే వచ్చేసింది.

గిరిజ దూదితో మంచు పరిచింది. వెదురుబద్దలు వంచి అక్కడి కొండజాతి తోడాల గుడిసెలు చేసింది. అంగడి నుంచి భోజనానికి వచ్చిన మగవాళ్ళు చేతులు కూడా కడుక్కోకుండా ముందు ఆ మూలకు పోయి నిలబడేవారు. వరదరాజులు అయితే వంగి మరీ చూశాడు. తిరుమల కొండ కట్టినన్నేళ్ళలో ఆ మనిషి నడుము ఒక్కనాడూ వంగింది లేదు.

కొలువు ముందరి అమావాస్య ఇంకా వారం ఉందనగా గిరిజ నానిన రాగులు పట్టుకొచ్చింది.

"అక్కా, మా ఊర్లో ఈపాటికే చల్లేస్తాం. మొలక రావాలంటే శానా దినాలు పడుతుంది. సరేగదా?"

విశాలాక్షికి తెలుసు. చలికి అక్కడ గింజ బద్ధకిస్తుంది. ఈ సముద్రపు ఉక్కలో నిద్రలేచేసరికి తల ఎత్తుతుంది. అందుకే తాను అమావాస్యనాడు గానీ చల్లేది కాదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మీ ఊరి కొండ నీకే బాగా తెలుసు తల్లీ," అని లోపలికి పోయి, తోమిన చెంబునే మళ్ళీ తోమింది.

కొలువు మొదలయ్యేనాటికి రాగిమొలకలు జానెడు పెరిగి, పాలిపోయి, గుడిసెల మీద సోలిపోయాయి.

"అయ్యయ్యో! ఏందక్కా ఇది, పిచ్చోడి జుట్టు మాదిరి! ముందే చెప్పుండొచ్చు గదా?"

"నువ్వు కట్టే కొండలో నా నోరెందుకమ్మా?"

గిరిజ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి తల తిప్పుకుంది.

"సాయంత్రం పేరంటం పెట్టుకొని ఇదేం గోల?" అంది అత్తగారు. వంటింట్లోకి పోయిన విశాలాక్షి చెవులు రిక్కించుకునే ఉంది, ఎవరో ఒకరు "విశాలా, నువ్వు రా" అంటారని. ఎవరూ అనలేదు. వినిపించింది కత్తెర చప్పుడు.

వెళ్ళి చూస్తే, గిరిజ మొలకలను వరుసలు వరుసలుగా, మెట్లుమెట్లుగా కత్తిరించేసింది. కొండవాలంతా తేయాకు తోట! కోసిన పచ్చి వాసన హాలంతా నిండింది. విశాలాక్షి గుగ్గిళ్ళ పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చేసింది.

సాయంత్రం ఎదురింటి కన్నికమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఆ గుడిసెలు ఎవురివే గిరిజా?"

"ఆ కొండలోళ్ళంతా తోడాలే పెద్దమ్మా. ఎనుములు మేపుకుంటారు."

గుగ్గిళ్ళు పంచుతున్న విశాలాక్షి చెయ్యి ఆగిపోయింది. అంతా తోడాలా? దొరికిపోయింది పిల్ల!

"అందరూ తోడాలు కారు," అంది, నలుగురికీ వినబడేలా. "సేద్యం చేసేది బడగలు. కుండలూ ఇనుప పనీ వాద్యమూ కోత జాతివాళ్ళవి. తేనె తెచ్చేది కురుంబలు. ముందు అదంతా కోయంబత్తూరు జిల్లాలోదే. తెల్లదొరలు ఎండకు తాళలేక పైకెక్కి మరిగినాక గదా వేరే జిల్లా అయింది!"

ఆడవాళ్ళు చుట్టూ చేరారు. తోడాలు గుడిలా కొలిచే పాలపాక గురించి చెప్పింది, దొడ్డబెట్ట శిఖరం ఎత్తు చెప్పింది. అందరి కళ్ళూ తన మీదే అనుకుంది. తీరా చూస్తే తను ఏ మాట అంటే ఆ మాటకు తగ్గ చోటు వెతుక్కుంటూ అవి కొండ మీదే తిరుగుతున్నాయి. గిరిజ కూడా నోరు తెరుచుకుని వింటోంది.

"ఏం కొండ కట్టినావే గిరిజా! వింటా ఉంటే చలేస్తా ఉంది," అని మెటికలు విరిచింది కన్నికమ్మ. "వచ్చే ఏడూ ఈ బిడ్డ చేతనే కట్టించు అమృతం."

"కడుతుంది. మా విశాల కత చెబుతుంది," అంది అత్తగారు మురిసిపోతూ.

అంతలో పక్కింటి తిలగం నలుగురిని వెంటేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "మాకూ చెప్పక్కా, మొదట్నుంచీ!"

తలనొప్పి అని లోపలికి పోదామనుకుంది విశాలాక్షి. కానీ తాను పోతే, ఆ పిల్ల మళ్ళీ అందరూ తోడాలే అంటుంది. గుగ్గిళ్ళ గిన్నె కింద పెట్టి, గిరిజ కొండ పక్కన నిలబడి, గొంతు సవరించుకుంది.